భూతాపం, వాతావరణ మార్పు: మన చేతుల పాత్ర

ఈ జుమా నాడు ఒక సందేహాన్ని పరిశీలిద్దాం. “భూమి వేడెక్కుతోందంటారు, మరి వానలు ఇలా ముంచెత్తుతాయేమిటి?” అని చాలామంది అడుగుతుంటారు.

భూతాపం, వాతావరణ మార్పు అనే మాటలను ఒకే అర్థంలో వాడటం వల్ల పుట్టిన చిక్కు ఇది. భూతాపం అంటే భూమి సగటు ఉష్ణోగ్రత పెరగటం, అంతే. పారిశ్రామిక యుగానికి పూర్వంతో పోలిస్తే 2024లో అది సుమారు 1.5 డిగ్రీలు ఎక్కువ. ఆ వేడి మూలంగా వానలు, గాలులు, సముద్రాలు, ఋతువులు పాత క్రమం తప్పటం వాతావరణ మార్పు. మొదటిది కారణం, రెండవది పర్యవసానం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం అదనంగా నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. కనుక ఎండల్లో నేల తడిని మరింతగా పీల్చేస్తుంది, కురిసేటప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది.

మల్దకల్ ఉన్న ఈ నడిగడ్డ 2009లో ఆ రెండు ముఖాలనూ చూసింది. ఆ ఏడు దేశంలో నైరుతి ఋతుపవనాల వాన సగటు కంటే సుమారు 22 శాతం తక్కువ. ఆ కాలం ముగిసీ ముగియక ముందే, అక్టోబరు ఆరంభంలో, కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపూర్‌ను, ఆవలి ఒడ్డున కర్నూలును ముంచాయి. ఆ ఒక్క వరదను పూర్తిగా భూతాపం ఖాతాలో వేయటం న్యాయం కాదు. అయితే వేడి పెరిగేకొద్దీ అటువంటి కుంభవృష్టులు పెరుగుతాయన్నది శాస్త్రజ్ఞుల నిర్ధారణ.

“అంతా అల్లాహ్ ఆజ్ఞ, మన చేతిలో ఏముంది?” అనే మాట కూడా వినిపిస్తుంది. ఆజ్ఞ ఆయనదే. కానీ వానలు లేనప్పుడు ఇస్తిస్ఖా నమాజుకు ఈద్‌గాహ్‌కు వెళ్లి, ముందుగా మన తప్పులకు క్షమాపణ వేడుకుంటాం కదా! సూరా రూమ్ 41వ ఆయత్ సైతం నేలపై, నీటిపై కల్లోలానికి మనుషుల చేతలనే కారణంగా చూపుతుంది. శాస్త్ర సాక్ష్యమూ అదే. సూర్యుడే కారణమైతే వాయుమండలం పై పొరలు కూడా వేడెక్కాలి. కింది పొర వేడెక్కుతుంటే, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. అంటే వేడిని కిందనే పట్టి ఉంచుతున్నది ఒకటి ఉంది.

అది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. పది లక్షల పాళ్ల గాలిలో పూర్వం సుమారు 280 పాళ్లుండేది, నేడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చటం, అడవులు నరకటం దీనికి మూలం. మనకు ఎగువన కృష్ణ ఒడ్డునే రాయచూరు థర్మల్ కేంద్రం ఉంది. మన బోరు మోటార్లు తిరిగేదీ చాలావరకు బొగ్గు కరెంటుతోనే. పొలమూ నిర్దోషి కాదు: నీరు నిలవగట్టిన వరిమడి నుండి మీథేన్, మోతాదు మించిన యూరియా నుండి నైట్రస్ ఆక్సైడ్ వెలువడతాయి.

భారతీయుని తలసరి కార్బన్ డయాక్సైడ్ ప్రపంచ సగటులో సగం కూడా లేదన్నది నిజమే. సంపన్న దేశాల లెక్క వారే అప్పజెప్పాలి. మన దుబారా లెక్క మాత్రం మనదే. వరిమడిని నిత్యం నింపి ఉంచక, ఆరుతడి పద్ధతిలో కొంత ఆరనిచ్చి మళ్లీ తడిపితే మీథేన్ గణనీయంగా తగ్గుతుంది, నీరూ కరెంటూ మిగులుతాయి. సరిగా పాటిస్తే దిగుబడీ పడిపోదు. ఏ దశలో ఆరబెట్టాలో, ఏ దశలో నీరు తప్పనిసరో నాట్లకు ముందే వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి తెలుసుకోండి.