మహమ్మారి వేళ ఊపిరితిత్తుల క్యాన్సర్: అపోహలు – వాస్తవాలు

అపోహ: కోవిడ్ రోజుల్లో క్యాన్సర్ కేసులు తగ్గాయి.

తగ్గింది నమోదు. 2020 మార్చి 22న దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నిలిచిపోవడంతో, అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి పేదలు వెళ్లే దారి చాలావరకు మూసుకుపోయింది. ఆ ఏడాది జూలైలో అక్కడే నాట్కో క్యాన్సర్ కేంద్రం ప్రారంభమైనా పాసింజర్ బండ్లు ఇంకా తిరగలేదు. జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 కేంద్రాలలో 2020 మార్చి–మే నెలల లెక్కలను అంతకుముందు ఏడాదితో పోల్చగా, కొత్త రోగుల నమోదు 54 శాతం, పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం పడిపోయాయి. శ్వాసనాళాల్లోకి సన్నని గొట్టం పంపి లోపలి ముక్క తీసే బ్రాంకోస్కోపీలో తుంపరలు గాలిలోకి లేస్తాయి గనుక దాన్ని కూడా అత్యవసరమైనవారికే పరిమితం చేశారు. ముక్క పరీక్ష లేనిదే సాధారణంగా క్యాన్సర్ నిర్ధారణ జరగదు.

అపోహ: స్కాన్‌లో కోవిడ్ మచ్చలే ఉన్నాయన్నారు కనుక దగ్గు దానివల్లే.

2021 రెండో వేవ్‌లో సీటీ స్కాన్ కాగితం చేతికి రాగానే ఇంటిల్లిపాదీ అడిగింది “25కి ఎంత?” అన్న ఒక్క మాటే. ఊపిరితిత్తుల ఐదు తమ్మెలకు ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 5 చొప్పున వేసే ఆ అంకె న్యుమోనియా ఎంతమేర పాకిందో చెబుతుందే గాని గడ్డ ఉన్నదీ లేనిదీ తేల్చదు. మచ్చల చాటున చిన్న గడ్డ మరుగుపడవచ్చు, లేదా కాగితం అడుగున “నాడ్యూల్” (చిన్న గడ్డ) అని రాసి ఉన్నా ఎవరి కంటా పడకపోవచ్చు. కోవిడ్ మచ్చలు సాధారణంగా కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గుముఖం పడతాయి కనుక, తగ్గని మచ్చకు మళ్లీ స్కాన్ తీయించాలి. తెమడ పరీక్షలో క్షయ లేదని తేలినా దగ్గు వదలకపోతే, అందులో రక్తం పడితే, వెతుకులాట అక్కడితో ఆపకూడదు.

అపోహ: కోవిడ్ వచ్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది.

అది నిరూపితం కాలేదు. చుట్ట, బీడీ, సిగరెట్ల పొగే ప్రధాన కారణం; పొగ తాగనివారికీ ఈ జబ్బు రావచ్చు.

అపోహ: మహమ్మారి ముగిసేదాకా ఆపరేషన్ వాయిదా వేయడమే క్షేమం.

ఇందులో కొంత నిజం ఉండబట్టే ఇది బలంగా నాటుకుంది. శస్త్రచికిత్సకు కాస్త ముందో ఆ తరువాతో కోవిడ్ సోకిన 1,128 మందిని కోవిడ్‌సర్జ్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం పరిశీలించగా, 30 రోజుల్లో 23.8 శాతం మంది మరణించినట్లు తేలింది. అయితే ఆ లెక్క వైరస్ సోకినవారిది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 వరకు జరిగిన 494 క్యాన్సర్ ఆపరేషన్ల తరువాత ఒక్క మరణమూ నమోదు కాలేదు. గడ్డ ఉన్న తమ్మెను కోసి తీసే లోబెక్టమీ తొలిదశలో జబ్బు నయమయ్యే అవకాశమిస్తుంది, గడ్డ శోషరస గ్రంథులకు పాకితే ఆ అవకాశం తగ్గుతుంది. వైరస్ సోకినవారు వీలైతే ఏడు వారాలు ఆగాలని తరువాతి అధ్యయనం సూచించింది; ఆ గడువును కూడా గడ్డ పెరిగే వేగాన్ని బట్టి సర్జన్ కుదించవచ్చు.