స్టాలుకు సొమ్ము లేక హోటలు గదిలోనే దుకాణం
కొత్త డిజైనర్లకు బతుకునిచ్చిన అమెరికా బట్టల ప్రదర్శనలు

ఎద్దుల సంతకు వెళ్లిన రైతు బేరం కుదిరితే జత ఎద్దులను తోలుకొస్తాడు. అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి జరిగే బట్టల సంతకు వెళ్లిన దుకాణదారు మాత్రం ఎంత బేరం చేసినా చేతులూపుకుంటూ తిరిగొస్తాడు. కొన్న సరుకు దుకాణం చేరేసరికి నాలుగైదు నెలలు పడుతుంది. ఎందుకంటే అతను కొనే నాటికి ఆ సరుకు ఇంకా కుట్టి ఉండదు.

ఈ సంతకు 'మ్యాజిక్' అని పేరు. ఇదేదో గారడీ వ్యవహారం అనుకోనక్కరలేదు. కాలిఫోర్నియా మగవారి దుస్తుల సంఘం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపితే ఆ మాట వచ్చింది. 1933లో కాలిఫోర్నియా రాష్ట్రంలో మొదలైన ఈ ప్రదర్శన 1989లో లాస్ వేగాస్‌కు మారింది. అక్కడ చూడముచ్చటగా బట్టలు వేలాడదీసి ఉన్నా మామూలు జనానికి ప్రవేశం లేదు. దుకాణాల యజమానులు, పెద్ద కంపెనీల తరఫున కొనుగోలు చేసేవారు, పత్రికలవారు మాత్రమే మెడలో చీటీ తగిలించుకుని లోపలికి వెళ్లాలి.

కుట్టేవాడు తెచ్చేది నమూనా బట్టలు మాత్రమే. చొక్కాకు ఒకటి, ప్యాంటుకు ఒకటి, టోపీకి ఒకటి. కొనేవాడు బట్ట పట్టి చూస్తాడు, కుట్టు తిరగేసి చూస్తాడు, ధర అడుగుతాడు. నచ్చితే ఫలానా రంగులో, ఫలానా సైజులో ఇన్ని కావాలని ఆర్డరు కాగితం మీద రాయిస్తాడు. చలికాలం బట్టలు ఫిబ్రవరిలో, మరుసటి వసంతకాలం బట్టలు ఆగస్టులో బేరమాడతారు. దుకాణదారు తాను కొన్న ధరకు రెట్టింపు వేసి అమ్ముకోవడం అక్కడి రివాజు.

వినడానికి బాగానే ఉంది. చిక్కంతా ఆ తరువాతే. ఆర్డరు రాసుకున్నవాడు బట్ట తన సొమ్ముతో కొనాలి, కుట్టుకూలి తన సొమ్ముతో ఇవ్వాలి, సరుకు గడువులోగా పంపాలి. గడువు దాటితే ఆర్డరు రద్దు చేసే హక్కు దుకాణదారుకుంది. సరుకు అందాక కూడా డబ్బు అప్పటికప్పుడు రాదు. నెల రోజుల గడువు పెట్టడం మామూలు. పెద్ద కంపెనీకి ఇదొక లెక్క కాదు. చేతిలో నాలుగు నమూనాలు తప్ప మరేమీ లేని కుర్రాడికి మాత్రం ఆర్డరు రాకపోతే ఒక బాధ, వస్తే అంతకంటె పెద్ద బాధ.

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతానికి చెందిన డేమండ్ జాన్ కథే ఇందుకు సాక్ష్యం.

టోపీలతో మొదలు

డేమండ్ జాన్ పెరిగింది హాలిస్ అనే పేటలో. అక్కడ ఎక్కువమంది నల్లజాతివారు. కుర్రాడికి కుట్టుపని నేర్పింది తల్లే. 1992లో పైన తాడుతో ముడివేసే ఒకరకం టోపీకి గిరాకీ వచ్చింది. దుకాణంలో దాని ధర 20 డాలర్లు. ఇంతోటి టోపీ నేను కుట్టలేనా అనుకుని, పక్కింటి స్నేహితునితో కలిసి కొన్ని పదుల టోపీలు కుట్టి, వీధిలో నిలబడి 10 డాలర్లకొకటి చొప్పున అమ్మాడు. ఒక్కరోజులో 800 డాలర్లు చేతికొచ్చాయి.

అప్పటికి అమెరికాలో పెద్ద పేరున్న కొన్ని బట్టల కంపెనీలు నల్లజాతి కుర్రాళ్లు తమ సరుకు వేసుకోవడం ఇష్టపడడం లేదన్న అపోహో నిజమో ఆ పేటల్లో బలంగా ఉండేది. మన బట్టలు మనమే కుట్టుకుందాం అన్న పట్టుదలతో 'మన కోసం, మన చేత' అనే అర్థం వచ్చే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు తీసి 'ఫుబు' అని పేరు పెట్టారు. మరో ముగ్గురు స్నేహితులు భాగస్వాములుగా చేరారు. ప్రకటనలకు డబ్బు లేదు. ఫుబు గుర్తు కుట్టిన పది జెర్సీలు తయారుచేసి, పాటల చిత్రీకరణ జరిగే చోట్లకు తీసుకెళ్లి గాయకులకు తొడిగించి, షూటింగు కాగానే మళ్లీ విప్పించుకుని ఇంటికి తెచ్చేవారు. మరుసటి షూటింగుకు మళ్లీ అవే పది జెర్సీలు. చూసే జనానికి మాత్రం ఇదేదో పెద్ద కంపెనీ అనిపించింది.

ఇంత చేస్తున్నా జాన్ ఒక చేపల వంటకాల హోటలులో వడ్డన పని మానలేదు.

1994లో నలుగురూ కలిసి లాస్ వేగాస్ వెళ్లారు. మ్యాజిక్ ప్రదర్శనలో స్టాలు తీసుకునేంత సొమ్ము వారి దగ్గర లేదు. ఒక హోటలులో గది తీసుకుని అందులోనే బట్టలు తగిలించారు. ఎలాగో ప్రదర్శనలోకి చొరబడి, కనిపించిన కొనుగోలుదారుకల్లా నచ్చజెప్పి తమ గదికి తోడ్కొని వచ్చారు. తిరుగు ప్రయాణం నాటికి మూడు లక్షల డాలర్ల ఆర్డర్లు చేతికొచ్చాయి. ఆనాటి మారకం రేటులో మన డబ్బులో తొంభై లక్షల రూపాయలకు పైమాటే.

ఇల్లే ఫ్యాక్టరీ

ఆర్డర్లు వచ్చాయి గాని బట్ట కొనడానికి డబ్బేది? 27 బ్యాంకులు తిప్పి పంపాయని ఆయనే తరువాత చెప్పుకొన్నారు. చివరకు తల్లి తన ఇంటిని తనఖా పెట్టి లక్ష డాలర్లు తెచ్చి కొడుకు చేతిలో పోసింది. ఇంట్లో సామాను బయటికి తీసి కుట్టుమిషన్లు వేశారు. కుట్టేవారిని పెట్టుకున్నారు. మిషన్ల పక్కనే నిద్ర.

ఊళ్లో పొలం తాకట్టు పెట్టి బిడ్డను చదివించిన వారికి ఈ తల్లి గుండె ధైర్యం గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆమె లెక్క తప్పి ఉంటే ఈ కథ ఎవరూ చెప్పుకునేవారు కాదు. ఇల్లు వేలానికి పోయిన ఇలాంటి తల్లుల కథలు ఏ పత్రికలోనూ రావు.

లెక్క తప్పేలాగే ఉంది కూడా. తెచ్చిన లక్షా కరిగిపోవస్తున్నాయి. కుట్టే బట్టల కంటె వచ్చే ఆర్డర్లు ఎక్కువ. అప్పుడు తల్లే మళ్లీ ఉపాయం చెప్పింది. చేతిలో ఆర్డర్లున్నాయి, పెట్టుబడి పెట్టేవారు కావాలి అంటూ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ప్రకటన వేయించింది. ఆ ప్రకటనకు జవాబు రాసినవారిలో కొరియా దేశపు శాంసంగ్ కంపెనీ బట్టల విభాగం ఒకటి. తయారీ, రవాణా బాధ్యతలు వారు చూసుకునేలా ఒప్పందం కుదిరింది. ఇల్లు దక్కింది.

1997లో మరో తమాషా జరిగింది. హాలిస్ పేటకే చెందిన ఎల్.ఎల్. కూల్ జె అనే గాయకుడు గ్యాప్ అనే పెద్ద బట్టల కంపెనీ టీవీ ప్రకటనలో నటించాడు. ఒంటి మీద బట్టలు గ్యాప్‌వి, నెత్తిన టోపీ మాత్రం ఫుబుది. ఆ సంగతి కంపెనీ వారికి ఆలస్యంగా తెలిసింది. పరాయివాడి ఖర్చుతో ఫుబు దేశమంతా తెలిసిపోయింది. 1998 నాటికి ఏడాదికి 35 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయి. 2000 దాటాక ఆ జోరు తగ్గింది. ఇది వేరే సంగతి.

అలలపై పలకలు అమ్మబోయి

ఇలా పేటల్లో, వీధుల్లో కుర్రకారు వేసుకునే వదులు చొక్కాలు, టీషర్టులు, టోపీలు, బూట్లను 'స్ట్రీట్‌వేర్' అంటున్నారు. రాజుల కొలువుల నుంచో సినిమాల నుంచో కాక, వీధిలోంచి పైకి వచ్చిన ఫ్యాషను ఇది. దీనికి ఆద్యులలో ఒకడుగా చెప్పుకునే షాన్ స్టస్సీ అసలు దర్జీయే కాదు. కాలిఫోర్నియా సముద్ర తీరంలో అలల మీద జారే పలకలు చెక్కేవాడు. పలక మీద తన ఇంటిపేరు గిలికినట్టు రాసేవాడు. 1980ల తొలినాళ్లలో పలకలకు ప్రచారంగా ఉంటుందని ఆ పేరునే టీషర్టుల మీద అచ్చువేసి క్రీడా సామగ్రి ప్రదర్శనకు తీసుకెళ్తే, జనం పలకలు వదిలి టీషర్టులకు ఎగబడ్డారు. 1984లో ఫ్రాంక్ సినాట్రా అనే లెక్కల మనిషితో కలిసి కంపెనీ పెట్టాడు. పేరు చూసి ప్రఖ్యాత గాయకుడు అనుకునేరు. ఆయనకూ ఈయనకూ చుట్టరికం లేదు.

పెద్ద సంత పక్కన చిన్న సంత

పెద్ద ప్రదర్శనల్లో అడుగుల లెక్కన స్థలానికి అద్దె కట్టాలి. డబ్బున్నవాడికి నడిమధ్యన చోటు, లేనివాడికి మూల. కొనేవారు మూలకు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఈ ఇబ్బంది చూసి వేరు కుంపటి పెట్టినవాడు ఆరన్ లెవాంట్. హైస్కూలు చదువు సగంలో మానేసి ఒక చిన్న బట్టల కంపెనీలో పనిచేస్తున్న కుర్రాడు. 2003లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, 'ఎజెండా' అనే సొంత ప్రదర్శన పెట్టాడు. పెట్టిన చోటు ఒక థాయ్ భోజన హోటలు. ఏ.ఎస్.ఆర్. అనే పెద్ద క్రీడా దుస్తుల ప్రదర్శన జరిగే చోటికి దగ్గర్లో ఉండేలా చూసుకున్నాడు. అక్కడికి వచ్చిన కొనుగోలుదారులు ఎలాగూ భోజనానికి బయటికి రావాలి కదా.

రథోత్సవానికి వచ్చే జనాన్ని నమ్ముకుని గుడి దారిలో చాప పరుచుకునే చిల్లర వ్యాపారి తెలివే ఇది. అయితే లెవాంట్ మరొకటి చేశాడు. డబ్బు కట్టిన ప్రతివారికీ చోటు ఇవ్వలేదు. ఎవరి సరుకులో కొత్తదనం ఉందో చూసి పిలిచాడు. దాంతో ఎజెండాలో చోటు దొరకడమే ఒక అర్హత అయింది. లా కాలేజీలో కలిసిన ఇద్దరు స్నేహితులు 2003లోనే మొదలుపెట్టిన 'ది హండ్రెడ్స్' వంటి టీషర్టు కంపెనీలు ఇక్కడ దుకాణదారులకు పరిచయమయ్యాయి.

ఏడేళ్లు తిరిగేసరికి పెద్ద చేప చిన్న చేపను మింగే సామెత తిరగబడింది. ఏ.ఎస్.ఆర్. ప్రదర్శన 2010తో ఆగిపోయింది. ఎజెండా లాంగ్ బీచ్ నగరంలోని పెద్ద సమావేశ భవనంలోకి మారింది. 2012లో రీడ్ అనే అంతర్జాతీయ ప్రదర్శనల సంస్థ దానిని కొనేసింది. చిన్నవాళ్ల కోసం పుట్టినది కూడా పెద్దవాళ్ల చేతిలోకే చేరిందని నిష్ఠూరమాడినవారు లేకపోలేదు.

బొమ్మకు రక్షణ, కోతకు లేదు

కొత్తవారికి ఇక్కడ మరో భయం ఉంది. నమూనా పదిమందికీ చూపితేనే ఆర్డరు. చూపితే కాపీ కొట్టేవాడూ చూస్తాడు. పెద్ద కంపెనీ తలచుకుంటే ఇతనికంటె ముందే సరుకు బజారులో దించగలదు. అమెరికా చట్టంలో కంపెనీ పేరుకు, గుర్తుకు రక్షణ ఉంది. బట్ట మీద వేసిన బొమ్మకూ ఉంది. చొక్కా కోతకు, ఆకారానికి మాత్రం కాపీరైటు లేదు. ఆటల మైదానాల్లో కేరింతలు కొట్టే అమ్మాయిల దుస్తుల విషయమై 2017లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, బట్ట మీది గీతలు, రంగుల అమరికకు రక్షణ ఉండవచ్చు గాని దుస్తుల కోతకు ఉండదని స్పష్టం చేసింది. స్ట్రీట్‌వేర్ కంపెనీలు టీషర్టు నిండా తమ పేరు అంత పెద్దగా ఎందుకు వేసుకుంటాయో దీనితో కొంత బోధపడుతుంది. గొప్పకే కాదు, పట్టా లాంటిది కూడా.

ఇప్పుడు సెల్‌ఫోన్ వచ్చాక దారి మారింది. దుకాణదారును బతిమాలకుండానే కుర్రాళ్లు బట్టల ఫోటోలు పెట్టి నేరుగా అమ్ముకుంటున్నారు. ఈ మార్పు పసిగట్టిన వారిలో లెవాంట్ కూడా ఒకడు. 2016 నవంబరులో లాంగ్ బీచ్‌లోనే 'కాంప్లెక్స్‌కాన్' పేరుతో మామూలు జనమే టిక్కెట్టు కొని లోపలికి వచ్చి బట్టలు, బూట్లు కొనుక్కునే ఉత్సవం నిర్వహించారు. జనం విరగబడ్డారు. అయితే నాలుగైదు వందల దుకాణాలకు సరుకు పంపాలంటే ఇప్పటికీ లాస్ వేగాస్ దారి పట్టేవారు ఉన్నారు.

ఆర్డరు లాస్ వేగాస్‌లో రాసుకున్నా కుట్టేది అక్కడ కాదు. టీషర్టుల్లో చాలా భాగం చైనా, బంగ్లాదేశ్, వియత్నాం, భారత్ వంటి దేశాల్లో తయారవుతాయి. మన దేశంలో ఈ పనికి తమిళనాడులోని తిరుప్పూరు పెట్టింది పేరు. గుంటూరు, ఆదిలాబాద్ రైతులు పండించే పత్తిలో కొంత కోయంబత్తూరు ప్రాంతపు నూలు మిల్లులకు వెళ్తుంది. అనంతపురం జిల్లా రాయదుర్గంలోనూ, సరిహద్దు దాటితే బళ్లారిలోనూ జీన్సు ప్యాంట్లు కుట్టి బతికే కుటుంబాలు అనేకం. ప్యాంటుకింత అని కూలి. కోత ఒకరిది, కుట్టు ఒకరిది, గుండీలు ఒకరివి, పేరు మరొకరిది. మిషను చప్పుడు మధ్య పెరిగిన అక్కడి పిల్లలకు కుట్టు నేర్పనక్కరలేదు. టోపీ చూసి టోపీ కుట్టిన హాలిస్ కుర్రాడికి ఉన్న పనితనం వారికీ ఉంది. సొంత పేరుతో నాలుగు నమూనాలు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలన్నదే వారికి దొరకనిది.

దిగుమతి చేసుకున్న ప్రతి బట్ట మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలని అమెరికా చట్టం. ఊరి పేరు వేయాలన్న నిబంధన ఏదీ లేదు.