హద్దు దొరికితే ధర దొరుకుతుంది

పొలానికి దస్తావేజు రాసేటప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చెక్కుబంది. తూర్పున ఫలానా వారి మామిడితోట, పడమర బండ్లబాట, ఉత్తరాన వంక, దక్షిణాన మిగులు భూమి. తోట కొట్టేస్తారు, బాట దున్నేస్తారు, వంక వానలకు పక్కకు జరుగుతుంది. కాగితంలో హద్దు మాత్రం అక్కడే ఉంటుంది. ఎకరా ఎనభై సెంట్లని రాసిన చేను కొలిస్తే ఎకరా డెబ్బై తేలడం చిత్తూరు వైపు కొత్తేమీ కాదు.

ధర చిక్కు వేరు. మార్కెట్ విలువల పుస్తకంలో పల్లె పొలాలకు సర్వే నంబర్ల వారీగా, పట్నంలో వీధుల వారీగా ధర ఉంటుంది. ఒకే నంబరులో తారురోడ్డు పక్క ముక్క ఉంటుంది, గెనిమ మీద నడిచి పోవలసిన వెనక ముక్కా ఉంటుంది. రెండింటికీ ఒకే ధర పడితే వెనక ముక్క కొన్న చిన్న రైతు రోడ్డు లేకుండానే రోడ్డు ధరకు స్టాంపు డ్యూటీ కట్టాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇలా కట్టినవాళ్లున్నారు. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

తిరుపతిలో స్థలం బేరం అంకణాల్లో సాగుతుంది, అంకణమంటే 36 చదరపు అడుగులు. అక్కడ ఈ పుస్తకం ధర కొన్న రోజుతో వదలదు. 2021 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలోని పట్టణాల్లో ఇంటిపన్ను అద్దె విలువను వదిలి, ఈ పుస్తకం ధరను బట్టి కట్టే మూలధన విలువ మీదికి మారింది. నివాసాలకైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం. ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదన్నారు. స్థలం ధర తప్పుగా కడితే ఆ తప్పు ఏటేటా పన్నులో వస్తూనే ఉంటుంది.

ముక్క ముక్కకూ వేరుగా లెక్క కట్టడం కొత్త కాదు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల్లో కలెక్టరుగా ఉన్నాడు. అప్పుడు కడప కిందున్న మదనపల్లె వైపు కూడా పొలం పొలం కొలిపించి, నేల సారాన్నీ నీటినీ చూసి శిస్తు వేయించాడు. ఇప్పుడు ధర తెచ్చేది సారం కన్నా రోడ్డు. జీఐఎస్ పటం పనికొచ్చేది ఇక్కడే. డ్రోన్ తీసిన చిత్రం మీద కమతాల గీతలు, వాటి మీద రోడ్ల వెడల్పు, కాలువలు, జరిగిన రిజిస్ట్రేషన్లు పొరలు పొరలుగా పరుస్తారు. 30 అడుగుల రోడ్డును తాకే స్థలాలేవో, దారి లేనివేవో వేరుగా చూపమంటే చూపుతుంది. అయితే డ్రోన్‌కు కనపడేది మిద్దె. లోపల కాపురమో కొట్టో తెలియాలంటే మనిషి వెళ్లి చూడాల్సిందే.

పొలాల రీసర్వే రాష్ట్రంలో 2020 డిసెంబర్ 21న మొదలైంది. ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్‌తో మూలమూలా గుర్తించి, సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఇచ్చారు. గొలుసు లాగిన కాలంతో పోలిస్తే ఈ కొలత ఎంతో నిక్కచ్చి. కానీ చాలాచోట్ల అన్నదమ్ముల భాగాలు కలిపి ఉమ్మడి ఎల్‌పీఎం ఇచ్చారు. ఎవరి గెనిమ ఎక్కడో విడిగా గీయనప్పుడు పటం ఎంత కచ్చితమైనా అమ్ముకునేవాడికి ఉపయోగం లేదు. రోవర్ వచ్చిన రోజు పక్కపొలం వాళ్లను పిలిచి మూల మీద నిలబడండని నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతుంటాను. బాటను బాటగానే గీయించుకోండని కూడా.

నేను కోరేది ఒకటే. ధర ఎల్‌పీఎం ముక్క వారీగా కట్టి, ఆ పటాన్ని గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. నా ముక్కకూ పక్క ముక్కకూ ధరలో తేడా ఎందుకుందో రైతు అక్కడే నిలబడి అడిగేలా ఉండాలి.