మెస్ టోకెన్ నుంచి మండీ పళ్లెం దాకా

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఒకదానికొకటి అతుక్కుపోయిన మూడు ఊళ్లు. మూడూ కలిస్తే తెలంగాణలో హైదరాబాద్ తర్వాతి పెద్ద నగరం. 2011 జనగణన నాటికి జనాభా 8 లక్షలకు అటూ ఇటూ. మూడింటి స్వభావాలు మాత్రం వేరు. వరంగల్‌ది వ్యాపారం: ఎనుమాముల మార్కెట్, పత్తి, మిర్చి. కాజీపేటది రైల్వే జంక్షన్ బతుకు. హన్మకొండది చదువు. 1959లో దేశంలోని తొలి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే ఇప్పటి నిట్, కాజీపేట దారిలో మొదలైంది. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఆ తర్వాత ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు వరుస కట్టాయి. నయీంనగర్, సుబేదారి, నక్కలగుట్ట, కేయూ క్రాస్ రోడ్డు వైపు వెళ్తే హాస్టల్ బోర్డుల నడుమ హోటల్ బోర్డులు కనిపిస్తాయి.

చదువుల ఊళ్లో హోటల్ నడపడం వేరే లెక్క. మామూలు పట్నంలో ఒకసారి రుచి మరిగిన గిరాకీ ఇరవై ఏళ్లయినా అదే మెట్లెక్కుతుంది; తర్వాత కొడుకునూ తీసుకొస్తుంది. ఇక్కడ ఇంటర్ పిల్లలు రెండేళ్లకు, ఇంజనీరింగ్ వాళ్లు నాలుగేళ్లకు ఊరు విడిచిపోతారు. అందుకే పాత పేరు మీద బతకడం కష్టం. కొత్తది పెట్టినవాడికి అవకాశం ఎక్కువ. తినేది ఒకరు, డబ్బు పంపేది ఇంకొకరు కాబట్టి ధర రూపాయి పెరిగినా తెలిసిపోతుంది. ఇంటి నుంచి మనియార్డర్ వచ్చిన రోజుల్లో ఒక రకం తిండి, ఏటీఎం కార్డు వచ్చాక ఇంకో రకం, ఫోన్‌లోనే డబ్బు కదిలే కాలంలో మరో రకం. విద్యార్థి ఎక్కడ పడుకుంటున్నాడు, డబ్బు ఎలా అందుతోంది అన్న రెండు సంగతులు పట్టుకుంటే ఈ ఊరి హోటళ్ల మార్పు చాలావరకు అర్థమవుతుంది.

ఏడాది పొడవునా గిరాకీ ఒకేలా ఉండకపోవడం మరో చిక్కు. దసరాకు, సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ. వేసవిలో నెలన్నర, రెండు నెలలు బల్లల మీద ఈగలు తోలుకోవాలి. అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాల్సిందే. ఆ లోటును కొంత పెళ్లిళ్ల ఆర్డర్లు పూడుస్తాయి. రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఈ ఊరి మీదుగా వెళ్లే జనం కూడా కొంత పూడుస్తారు.

టోకెన్ల కాలం

మొదటి దశలో విద్యార్థి తిండి అంటే మెస్. విశ్వవిద్యాలయం హాస్టళ్లలో నెల ఖర్చునంతా తిన్నవారి మధ్య పంచి బిల్లు వేసే పద్ధతి ఉండేది. హాస్టల్ సీటు దొరకనివాళ్లు బయట గదులు తీసుకుని ప్రైవేటు మెస్‌లలో నెలవారీ ఖాతా పెట్టుకునేవారు. ముందే డబ్బు కట్టి టోకెన్ల కట్ట తీసుకుంటే, పూటకొకటి చింపి ఇచ్చి తినొచ్చు. ఊరెళ్లిన రోజుల టోకెన్లు మిగిలేవి. పప్పు, ఒక కూర, చారు, పెరుగు, అన్నం ఎంతైనా. ఇంటి ముందు గదిలో నాలుగు బల్లలేసి నడిపినవే వీటిలో ఎక్కువ. యజమానికి నెల మొదట్లోనే డబ్బు చేతికొచ్చేది. ఎంతమంది తింటారో తెలుసు కాబట్టి వృథా తక్కువ.

మెస్‌తోపాటు ఉన్నవి టిఫిన్ హోటళ్లు, ఛాయ్ హోటళ్లు. ఇడ్లీ, దోస, వడతో ఉడిపి పద్ధతి దక్షిణాది పట్నాలన్నిటికీ చేరినట్టే ఇక్కడికీ చేరింది. నిజాం ఏలుబడిలో ఉన్న ఊరు కనుక ఇరానీ ఛాయ్, ఉస్మానియా బిస్కెట్ హైదరాబాద్ నుంచి వచ్చి స్థిరపడ్డాయి. ఒక్క ఛాయ్ మీద గంటసేపు కూర్చున్నా లేవమనని చోటు కాబట్టి రాజకీయాలైనా సాహిత్యమైనా ఆ బల్లల మీదే నలిగేవి.

రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానికి, సగం మిగతా రాష్ట్రాలకు. అందువల్ల కాజీపేట వైపు రొట్టెలు తినే ఉత్తరాది పిల్లలు మొదటి నుంచీ ఉన్నారు. పరాఠా, రాజ్మా, పనీర్ ఊళ్లోని సాధారణ హోటళ్లలో కనిపించక ముందే క్యాంపస్ చుట్టుపక్కల అలవాటయ్యాయి.

ఆ కాలపు హోటళ్లలో ఆడపిల్లలు కనిపించడం అరుదు. వచ్చినా కర్టెన్ వేసిన ‘ఫ్యామిలీ రూమ్’లో కూర్చునేవారు. అమ్మాయిల హాస్టళ్లు పెరిగి, వాళ్లు స్నేహితులతో కలిసి బయట తినడం మామూలయ్యాక ఆ కర్టెన్లు పోయాయి. వెలుతురు, అద్దాల ముఖద్వారం, శుభ్రమైన వాష్‌రూమ్ లేని హోటల్ వెనకబడింది.

గదిలో అన్నం, బయట కూర

2008లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తృతంగా అమలులోకి వచ్చాక పల్లెల నుంచి ఇంజనీరింగ్ చదువుకు వచ్చేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. ఫీజు ప్రభుత్వం కట్టినా గది, తిండి ఖర్చు ఇంటిదే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు గదులు నింపారు. డిగ్రీ అయిపోయి, ఇంటి దగ్గర అడగడానికి మొహమాటపడే వయసు వాళ్లది. నెలంతా మెస్ బిల్లు కట్టడం వాళ్లకు భారం.

వాళ్లకు తోడ్పడింది కర్రీ పాయింట్. గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే అన్నం వండుకోవడం తేలిక. కూరలు తరగడం, తాళింపు పెట్టడం, గిన్నెలు తోమడమే తంటా. ఆ తంటాను కర్రీ పాయింట్ చిన్న ప్యాకెట్లో కట్టి ఇస్తుంది. పప్పు, సాంబారు, ఒక వేపుడు, ఒక పచ్చడి, ఆదివారమైతే చికెన్. ఇద్దరు ముగ్గురు కలిసి రెండు ప్యాకెట్లు తెచ్చుకుంటే పూట గడుస్తుంది. అమ్మేవాడికీ లాభమే: బల్లలు, సర్వర్లు, పెద్ద షట్టర్ అక్కర్లేదు. చిన్న కౌంటర్, వెనుక వంటగది చాలు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు, రాత్రి రెండు మూడు గంటలు అమ్మకం. ఉద్యోగాలు చేసే దంపతులూ ఇదే దారి పట్టడంతో కర్రీ పాయింట్‌కు సెలవుల్లోనూ గిరాకీ తగ్గలేదు. మెస్‌ల సంఖ్యను కుదించిన వాటిలో ఇది ముఖ్యమైనది.

మంట మీద మూకుడు

సాయంత్రం వేళను ఫాస్ట్ ఫుడ్ బండి ఆక్రమించింది. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా పేరుకు చైనావే. బండి మీద దొరికే ఆ రుచి పుట్టింది మాత్రం మన దేశంలోనే. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటమాస్టర్ చికెన్ మంచూరియాను తయారుచేశాడని ప్రసిద్ధి. సోయా సాస్, వెనిగర్, మొక్కజొన్న పిండి మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో కలిసిన ఆ పద్ధతి తెలుగు పట్నాలకు వచ్చాక కారం ఇంకో మెట్టు ఎక్కింది.

విద్యార్థికి ఇది నచ్చడానికి కారణాలు వంట పద్ధతిలోనే ఉన్నాయి. ఉడికించిన అన్నం, నూడుల్స్ సిద్ధంగా ఉంటాయి. ఆర్డర్ ఇచ్చాక పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాల్లో పళ్లెం చేతికొస్తుంది. ఎగ్ రైస్ ఒక్క ప్లేటుతో కడుపు నిండుతుంది. ఎదురుగానే వండుతారు కాబట్టి వేడివేడిగా తిన్నామన్న తృప్తి. బండి పెట్టడానికి కావలసినవి ఒక గ్యాస్ సిలిండర్, రెండు మూకుళ్లు, ఒక మాస్టర్. ఈ మాస్టర్లలో నేపాల్, ఈశాన్య రాష్ట్రాలు, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఒక చోట నేర్చుకుని ఇంకో చోట సొంత బండి పెట్టుకోవడం ఈ వృత్తిలో మామూలు. ఆ దారినే మోమోలు, షవర్మా కూడా రోడ్డు మీదికి వచ్చాయి.

బిర్యానీ, దాని వెనుక మండీ

తెలంగాణ ఇళ్లలో పండగకూ దావత్‌కూ బగారా అన్నం, మాంసం కూర ఆనవాయితీ. హోటల్ బిర్యానీ ఒకప్పుడు హైదరాబాద్ వెళ్లినప్పుడు తినేది. రెండు దశాబ్దాలుగా అది ఈ ఊళ్లోనే ప్రధాన హోటల్ వంటకమైంది. దీనికి ఇంటర్ హాస్టళ్ల నియమాలు ఒక కారణం. రెసిడెన్షియల్ కాలేజీ పిల్లలకు బయట తిరిగే వీలుండదు. నెలకు ఒకటో రెండో ఆదివారాలు మాత్రం తల్లిదండ్రులు వచ్చి కలవొచ్చు. పల్లె నుంచి బస్సులో వచ్చిన తల్లిదండ్రులు పిల్లను, పిల్లాడిని ముందుగా తీసుకెళ్లేది బిర్యానీ హోటల్‌కే. ఆ ఆదివారాల మధ్యాహ్నం ఖాళీ కుర్చీ దొరకదు. ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అన్న బోర్డుకు ఈ ఊళ్లో ఉన్న అర్థం ఇది.

మండీ ఆ తర్వాతి అల. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంటకమిది. నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులు ఉండే హైదరాబాద్ బార్కస్ నుంచి తెలంగాణ పట్నాలకు పాకింది. అసలు పద్ధతిలో నేలలో తవ్విన పొయ్యిలో మాంసం వేలాడదీసి, కింద ఉడికే అన్నంలోకి దాని రసం కారేలా చేస్తారు. పట్నాల హోటళ్లలో చాలావరకు అన్నం విడిగా, మాంసం విడిగా వండి పళ్లెంలో కలుపుతారు. ఫ్రై, జ్యూసీ, తందూరి అని రకాలు. మసాలా తక్కువ కాబట్టి పక్కన మయోనైజ్, టమాటా చట్నీ.

మండీ గెలుపు రుచి వల్ల కొంతే. పళ్లెం వల్ల ఎక్కువ. నలుగురు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కింద కూర్చుని తింటారు. బిల్లు నాలుగు భాగాలు. పుట్టినరోజు పార్టీ చేసే పిల్లవాడికి ఇంతకంటే చవకైన దావత్ లేదు. హోటల్‌కూ బల్లలు, కుర్చీల ఖర్చు తప్పుతుంది. జైలు గదుల్లా, గుడిసెల్లా అలంకరించిన మండీ హోటళ్లు పుట్టింది ఫొటోల కోసం. ఒక బ్యాచ్ వెళ్లిపోయి మరో బ్యాచ్ వచ్చేసరికి అలంకారం పాతబడుతుంది. కొత్త పేరుతో కొత్త బోర్డు లేస్తుంది.

ఫోన్‌లోకి వచ్చిన హోటల్

2016లో మొదలైన యూపీఐ విద్యార్థి ఖర్చు తీరును మార్చింది. నెలకు ఒకసారి పెద్ద మొత్తం పంపే తండ్రి, అడిగినప్పుడల్లా కొంచెం కొంచెం పంపడం మొదలుపెట్టాడు. నెల మొదట్లోనే మెస్‌కు కట్టేయడం తగ్గి, ఏ పూటకు ఆ పూట తేల్చుకోవడం పెరిగింది. జొమాటో, స్విగ్గీ వంటి యాప్‌లు చిన్న నగరాలకు విస్తరించడంతో హాస్టల్ గేటు దగ్గరికే పార్సిల్ వచ్చింది. యాప్ మీద మాత్రమే అమ్మే వంటగదులు మెయిన్ రోడ్డు షట్టర్ అవసరం లేకుండా సందుల్లో వెలిశాయి.

హోటల్ యజమానికి ఇది రెండంచుల బేరం. అమ్మకం పెరుగుతుంది, కమీషన్, డిస్కౌంట్ల కింద బిల్లులో పెద్ద భాగం పోతుంది. 2019 ఆగస్టులో దేశవ్యాప్తంగా పలు రెస్టారెంట్లు డిస్కౌంట్ పథకాల నుంచి వైదొలగి నిరసన తెలిపాయి. జాతీయ రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదు మీద 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ ఈ రెండు యాప్‌ల తీరుపై దర్యాప్తుకు ఆదేశించింది. చిన్న పట్నాల్లో చాలామంది యజమానులు యాప్‌లో ఒక ధర, కౌంటర్‌లో ఒక ధర పెట్టి సర్దుకున్నారు.

కాలేజీల మీదే ఆధారపడటం ఎంత ప్రమాదమో కోవిడ్ చూపింది. తెలంగాణలో 2020 మార్చి మధ్యలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న తెరిచి, మార్చి 24 నుంచి మళ్లీ మూసి, సెప్టెంబర్ 1న తెరిచారు. కుటుంబాలు, ఉద్యోగులు గిరాకీగా ఉన్న హోటళ్లు పార్సిళ్లతో నెట్టుకొచ్చాయి. హాస్టళ్లను నమ్ముకున్న మెస్‌లకు, క్యాంపస్ బండ్లకు పార్సిల్ కట్టించుకునేవాడే ఊళ్లో లేడు.

లైసెన్సు, పన్ను, శుభ్రత

ఏటా తక్కువ అమ్మకం ఉన్న చిన్న వ్యాపారి ఆహార భద్రతా సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ చేయించుకుంటే చాలు. అమ్మకం పరిమితి దాటితే లైసెన్సు కావాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఏసీ హోటల్‌కు 18, మామూలు హోటల్‌కు 12 శాతం పన్ను ఉండేది. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి ఎక్కువ హోటళ్లకు అది 5 శాతానికి దిగింది. కొన్న సరుకుల మీద కట్టిన పన్ను తిరిగి రాబట్టుకునే వెసులుబాటు పోయింది. ఏసీ హాలుకు, మామూలు హాలుకు పన్నులో తేడా లేకపోవడంతో మధ్యతరగతి, విద్యార్థులు చల్లటి గదిని ఎంచుకోవడం తేలికైంది.

శుభ్రత విషయంలో పేరుపడ్డ మలుపు 2024 అక్టోబర్ 30. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. సరిగా చల్లగా ఉంచకపోతే పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మండీ, మోమో, షవర్మా మూడింటికీ మయోనైజే తోడు కాబట్టి విద్యార్థులు తిరిగే వీధుల్లోనే ఈ నిషేధం ఎక్కువగా తగిలింది. చాలామంది గుడ్డు లేని రకానికి మారారు.

జొన్నరొట్టె, పొద్దుటి ఇడ్లీ

ఇన్ని వంటకాలు బయటి నుంచి వచ్చి చేరుతుంటే, ఇంటి తిండి ఇంకో దారిలో బజారెక్కింది. సాయంత్రం కాగానే రోడ్డు పక్క పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మే మహిళలు తెలంగాణ పట్నాలన్నిటిలో కనిపిస్తారు. షుగర్ ఉన్న నడివయసు వాళ్లు మొదటి గిరాకీ. తర్వాత వ్యాయామశాలలకు వెళ్లే కుర్రాళ్లు చేరారు. నాటుకోడి కూర, తలకాయ, బోటి, పచ్చిపులుసు, సర్వపిండి పేర్లు రెస్టారెంట్ మెనూల్లోకి ఎక్కాయి. ఇంట్లో రోజువారీగా తిన్నవి హోటల్లో ప్రత్యేక వంటకాలుగా అమ్ముడవుతున్నాయంటే, వండే ఇళ్లు తగ్గాయని కూడా అర్థం.

ఈ మార్పులన్నిటిలో పెద్దగా కదలనిది పొద్దుటి టిఫిన్ బండి. తొమ్మిదింటి క్లాసుకు పరుగెత్తేవాడికి యాప్‌లో ఆర్డర్ పెట్టి ఎదురుచూసే తీరిక లేదు. దోస పార్సిల్లో మెత్తబడుతుంది. ఇడ్లీ ధర మీద డెలివరీ ఖర్చు మోయడం ఎవరికీ గిట్టదు. రాత్రి రుబ్బిన పిండి పొద్దున పదింటికల్లా అయిపోతుంది కాబట్టి నష్టం తక్కువ. రాత్రి మండీకి వెళ్లే బ్యాచ్‌లు మారతాయి, మండీ పోయి మరొకటి వస్తుంది. అదే పిల్లలు మర్నాడు పొద్దున బండి చుట్టూ నిలబడి, అల్లం చట్నీ మరో గరిటె వేయమని పళ్లెం చాపుతారు.