మోటారుసైకిలు చక్రములందలి బేరింగులు

బండికి కందెన వేయుట మఱచిన పాలేరును ఇంటి యజమానులు మందలించిన దినములు మనలో ననేకులకు జ్ఞప్తియందున్నవి. ఆముదమును, కాల్చిన గడ్డిమసియుఁ గలిపిన ఆ కందెన ఇరుసునకును చక్రపు నాభికిని నడుమ నిలిచి రాపిడిని తగ్గించెడిది. నేఁడు మన యిండ్లముందు ఎద్దుబండ్లకు మాఱుగా మోటారుసైకిళ్లు నిలుచుచున్నవి. బండి యను పేరు మాఱలేదు. ఇరుసు, చక్రము, రాపిడి యను మూఁడును మాఱలేదు. మాఱినది నడుమనున్న యేర్పాటు మాత్రమే. దానినే బేరింగు అందురు. అది యెట్లు పనిచేయును, ఎట్లు చెడును, చెడినదానిని తీసి క్రొత్తది వేయునపుడు ఏ జాగ్రత్తలు పాటింపవలయును అను విషయములను ఈ ప్రసంగమున మనవి చేసెదను. పెద్దలు సుత్తె చేతఁబట్టవలయునని నా యభిప్రాయము కాదు. ఆ బండిమీఁద పొలమునకు, బడికి, ఆసుపత్రికిఁ బోవువారు మన బిడ్డలు. చేయించువానికి పని తెలిసినయెడల చేయువాఁడు మఱింత శ్రద్ధగాఁ జేయును.

బరువైన పెట్టెను నేలపై నీడ్చుట కష్టము. దానిక్రింద గుండ్రని దుంగలుంచి దొర్లించుట సులభము. జాఱుటకంటె దొర్లుటయందు రాపిడి తక్కువ. బేరింగునకు మూలసూత్రమింతే. రెండు ఉక్కు కడియములు, చిన్నది పెద్దదాని లోపల నుండును. వాని నడుమ గాడిలో ఉక్కుగుండ్లు వరుసగా నమర్పఁబడియుండును. గుండ్లు ఒకదాని నొకటి ఒరయకుండ వానిని పలుచని రేకుపంజరము వేఱుచేయును. వెలికడియము చక్రపు నాభిలో గట్టిగాఁ గూర్చుండి చక్రముతో తిరుగును. లోకడియము ఇరుసును పట్టుకొని కదలక నిలుచును. తిరుగుట, నిలుచుట యను రెండు విరుద్ధధర్మములకు సంధి కుదుర్చునవి ఆ గుండ్లే.

బండి యిరుసునకు గుండ్లుంచు పద్ధతికి 1794వ సంవత్సరమున వేల్సు దేశీయుఁడగు ఫిలిప్ వాన్ అనువాఁడు పేటెంటు పొందెను. అయినను గుండ్లన్నియు సమానముగ లేనిచో బరువు పెద్దగుండ్లమీఁదనే పడి అవి చితుకును. 1883లో జర్మనీయందలి ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున ఫ్రీడ్రిఖ్ ఫిషర్ గుండ్లను ఒక్క పరిమాణమున సానపట్టు యంత్రమును నిర్మించెను. అటుపిమ్మటనే యీ సాధనము విరివిగా వ్యాపింపసాగెను.

బేరింగు ప్రక్కన నొక సంఖ్య చెక్కఁబడియుండును. ఉదాహరణమునకు 6202 అని యున్నచో లోపలి రంధ్రము 15 మిల్లీమీటర్లు, వెలి వ్యాసము 35, మందము 11. 6301 అని యున్నచో అవి క్రమముగా 12, 37, 12. ఇట్టి సంఖ్యలలో చివరి రెండంకెలు రంధ్రపు కొలతను దెలుపును. 00 అనఁగా 10 మిల్లీమీటర్లు, 01 అనఁగా 12, 02 అనఁగా 15, 03 అనఁగా 17. అటుపై 04 మొదలుకొని ఐదుచే గుణించిన చాలును. సంఖ్య వెనుక 2ఆర్ఎస్ అని యున్నచో రెండుప్రక్కల రబ్బరు మూఁతలున్నవని యర్థము. పాతదాని సంఖ్యను క్రొత్తదాని సంఖ్యతో సరిచూచుటకు అక్షరజ్ఞానము చాలును.

ఇఁక చెడిన బేరింగును గుర్తించుట యెట్లు? పరుగుతోపాటు హెచ్చు మూలుగుధ్వని మొదటి లక్షణము. చక్రము ఊఁగుట రెండవది. బండిని నడిమి స్టాండుపై నిలిపి, చక్రమును మీఁదను క్రిందను రెండుచేతులఁ బట్టి అటునిటు కదలింపవలయును. ఇరుసువద్ద కటకట కదలిక తోఁచినచో సందేహింపవలయును. పిదప చక్రమును త్రిప్పి, చేయి ఫోర్కుపై నుంచిన యెడల, మంచి చక్రము నిశ్శబ్దముగాఁ దిరుగును. చెడినది ఇసుక నమలినట్లు గరగరలాడును. చక్రము నూడఁదీసిన తరువాత లోకడియమున వ్రేలుంచి త్రిప్పిచూచుట అన్నిటికంటె నమ్మకమైన పరీక్ష. ఏమాత్రము గరుకుతనమున్నను దానిని మార్పవలసినదే.

చెడుటకుఁ గారణములు ప్రధానముగా రెండు. మొదటిది నీరు. కాలువలలో దింపి నడుపుటవలనను, నీటిని మిక్కిలి వడిగాఁ జిమ్ము గొట్టములతో ఇరుసుపైఁ గొట్టి కడుగుటవలనను, నీరు మూఁతను దాఁటి లోనికిఁ జొచ్చి గ్రీసును పాడుచేసి త్రుప్పు పట్టించును. రెండవది బరువు. గుండ్ల బేరింగునకు ఆయుర్దాయము బరువు యొక్క ఘనమునకు విలోమముగా నుండునని యింజనీర్ల గణితము. అనఁగా బేరింగుపైఁ బడు బరువు రెండింతలైనచో ఆయువు సగము గాదు, ఎనిమిదవ వంతగును. ఇద్దఱు కూర్చుండుటకుఁ జేసిన బండిపై ధాన్యపుబస్తాలు గట్టువారు ఈ లెక్కను స్మరింపవలయును. గొలుసు మితిమీఱి బిగించుటయు వెనుకచక్రమున కట్టి భారమే.

సామాన్యముగా చక్రపు నాభిలో ఇరుప్రక్కల నొక్కొక్క బేరింగు కలదు. వెనుకచక్రమున పళ్లచక్రమును మోయుచోట మఱియొకటి యుండుట తఱచు. రెండు బేరింగుల నడుమ ఇరుసును చుట్టియుండునట్లు ఒక ఇనుపగొట్టము కలదు. చూపునకు అల్పమైనదైనను ఈ యమరికకంతకును ప్రాణమదియే. ఇరుసు నట్టును బిగించినపుడు ఆ బిగింపు లోకడియమునుండి గొట్టమునకు, గొట్టమునుండి రెండవ లోకడియమునకుఁ బోవును; గుండ్లకు సోఁకదు.

మా ప్రాంతమున పాలు పోయు యువకుఁడొకఁడు వెనుకచక్రమునకు క్రొత్త బేరింగులు వేయించెను. పనివాఁడు ఈ గొట్టమును లోపల నుంచుట మఱచెను. నట్టు బిగించినకొలఁది లోకడియములు లోపలికి లాగఁబడి గుండ్లు గాడి యంచులకు ఒత్తుకొనెను. ఇరువది దినములు తిరుగకమునుపే త్రోవలో చక్రము పట్టివేసెను. యువకుఁడు పడి కుడిచేయి విఱుగఁగొట్టుకొనెను. గొట్టము ఆ దుకాణపు మూలనున్న నూనెడబ్బాలో దొరకెను. దాని వెల స్వల్పము. అది లేకపోవుటకు వెలగా ఆ కుటుంబము మూఁడునెలల పాలవ్యాపారమును పోఁగొట్టుకొనెను.

ఊడఁదీయు క్రమము వినుఁడు. చక్రమును తీసిన వెంటనే ఇరుసుపైనున్న చిన్న పెద్ద బుష్షులను వచ్చిన వరుసలోనే గుడ్డపైఁ బేర్చవలయును. ఆయిల్ సీలును పెల్లగించి, లాకుకడియ మున్నచో దానిని గూడ తీయవలయును. దీనిని తీయక కొట్టినచో నాభియే పగులును. చక్రమును చెక్కదిమ్మెలపై, బ్రేకుపళ్లెము నేల తాఁకకుండఁ బరుండఁబెట్టి, పైనుండి పొడవైన కడ్డీని దూర్చి, నడిమి గొట్టమును కొంచెము ప్రక్కకు నెట్టి, క్రింది బేరింగు లోకడియముపై నలువైపుల మార్చిమార్చి మెల్లగాఁ గొట్టవలయును. ఒక్కచోటనే కొట్టిన నది వాలి బిగియును. అది వెడలిన పిదప గొట్టమును తీసి, చక్రమును త్రిప్పి రెండవదానిని వెడలింపవలయును. ఇట్లు వెడలించిన బేరింగు మరల పనికిరాదు. ఏలయన దెబ్బ గుండ్లగుండఁ బోయి గాడిలో గుంటలు చేసియుండును. రెండింటిని ఒక్కమాఱే మార్చుట మేలు.

క్రొత్తది వేయుటకు మన బండిచక్రపు ఇనుపపట్టా దృష్టాంతము. పట్టాను ఎఱ్ఱగాఁ గాల్చి కొయ్యచక్రమునకుఁ దొడిగి నీరు పోసినంతనే అది కుదించుకొని బిగియును. ఇచ్చటను అదియే న్యాయము. అల్యూమినియము ఉక్కునకు సుమారు రెండింతలు వ్యాకోచించును. 35 మిల్లీమీటర్ల రంధ్రముగల నాభిని 60 డిగ్రీలు అధికముగా వేఁడిచేసినచో రంధ్రము దాదాపు మిల్లీమీటరులో ఇరువదవ వంతు పెరుగును. బేరింగు సులభముగా దిగుటకు అది చాలును. వేఁడిగాలితోఁగాని, మఱుగునీటిలో ముంచిన గుడ్డలతోఁగాని నాభిని వేఁడిచేసి తడి తుడువవలయును, మంట చూపరాదు. బేరింగును మాత్రము చల్లగా నుంచవలయును.

ఇచ్చట మఱువరాని నియమమొకటి. వేయునపుడు దెబ్బ వెలికడియముపైననే పడవలయును. దాని యంచునకు సరిపోవు సాకెట్టునుగాని, పాత బేరింగు వెలికడియమునుగాని అడ్డముంచి సమముగాఁ గొట్టినచో, బేరింగు అడుగంటిన క్షణమున ధ్వని మాఱి గట్టిగా మ్రోఁగును. అంతటితో నాపవలయును. ఒకప్రక్క పూర్తిగాఁ గూర్చుండిన తరువాత నడిమి గొట్టము నుంచి, రెండవప్రక్క బేరింగును లోకడియము గొట్టమును తాఁకువఱకు దింపవలయును. ఏప్రక్క ముందు వేయవలయునో బండితో వచ్చు పుస్తకమునఁ జూడవలయును. మూఁత లేని బేరింగైనచో గ్రీసు నింపవలయును, మూఁతలున్నదానికి అక్కఱలేదు. ఆయిల్ సీళ్లు క్రొత్తవి వేసి వాని పెదవికి గ్రీసు పూయవలయును. బ్రేకుపళ్లెమునకు చుక్కయైన సోఁకరాదు. క్రొత్త బేరింగు చేతితో నెట్టినంతనే జాఱి పడినచో నాభి అఱిగినదని యర్థము. పంచితో గాట్లు పెట్టి బిగించుట తాత్కాలికపు మోసము, నాభిని మార్చుటయే మార్గము.

పని ముగిసిన పిదప చక్రము చేతితో స్వేచ్ఛగాఁ దిరుగవలయును. నాలుగైదు కిలోమీటర్లు నడిపివచ్చి నాభిపైఁ జేయి యుంచి చూడవలయును. బ్రేకు పట్టకుండఁగనే చేయి పెట్టలేనంత వేఁడిగ నున్నచో లోపమున్నదని యెఱుఁగుఁడు.

కావున, పెద్దలారా, పనివాని నడుగవలసిన ప్రశ్నలు నాలుగు. సంఖ్య సరిపోయినదా? నడిమి గొట్టము లోపలనున్నదా? దెబ్బ వెలికడియముపైననే కొట్టితివా? పాత బేరింగు లేవి? ఈ నాలుగింటికిని తడబడక ప్రత్యుత్తరమిచ్చువాఁడు నమ్మఁదగిన పనివాఁడు. అట్టివానికిఁ గూలి యొక పదిరూపాయలు హెచ్చుగ నిచ్చినను నష్టము లేదు. సెలవు.