కొల్లేటి మంచూ, అన్నంభట్టు తర్కమూ

ఇంటర్ ఫలితాల రోజుల్లో ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "డిగ్రీలో హిందూమతం, తత్త్వం చదివితే మావాడు పురోహితుడవుతాడా? ఆ మాత్రానికి కాలేజీ ఎందుకండీ, వాళ్ల నాయనమ్మ చెప్పదా?"

పౌరోహిత్యం వేరే విద్య. దానికి వేదపాఠశాలలున్నాయి, ఏళ్ల తరబడి స్వరం తప్పకుండా వల్లించాలి. నాయనమ్మ నేర్పేది ఆచారం. డిగ్రీలో నేర్చుకునేది మాత్రం, ఆ ఆచారానికీ నమ్మకానికీ ఆధారమేమిటని పద్ధతిగా అడగడం. అలా అడగడం తప్పని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మన శాస్త్రాలు నిలబడిందే ఆ అడగడం మీద.

న్యాయమనే తర్కశాస్త్రం మొదలుపెట్టేవాళ్ల చేతికి ముందుగా వచ్చే చిన్న పుస్తకం తర్కసంగ్రహం. 17వ శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడే. అందులో దేవుడి గురించి చెప్పింది బహు తక్కువ. దేన్ని ఎలా తెలుసుకుంటాం అన్నదే ఎక్కువ. దూరాన కొండ మీద పొగ కనిపించింది. "కొండ మీద నిప్పుంది" అనడం ప్రతిజ్ఞ. "పొగ ఉంది కనక" అనడం హేతువు. "పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా" అనేది ఉదాహరణ. "ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది" అంటే ఉపనయం. "కాబట్టి నిప్పుంది" అనేది నిగమనం. అంతటితో సరిపోదు, ఎదురు ఉదాహరణ కూడా చూపాలి. నిప్పు లేనిచోట పొగ ఉండదనడానికి శాస్త్రం చూపించే చోటు పెద్ద సరస్సు.

అలాంటి పెద్ద సరస్సు మనకు పక్కనే ఉంది, కొల్లేరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కైకలూరు దారిన వచ్చేవాళ్లకు కొల్లేటి మీద తెల్లగా ఏదో లేస్తూ కనిపిస్తుంది. దూరానికి అచ్చం పొగే. పొగైతే నిప్పుండాలి, మరి నీళ్లలో నిప్పేమిటి? వాదంలో ఐదు మెట్లూ వరసగానే ఉన్నాయి. చెడింది హేతువు. అది పొగో మంచో తేలకముందే దాన్ని ఆధారంగా నిలబెట్టాం. ఇలాంటి చెడ్డ హేతువులకు హేత్వాభాసలని పేరు. పొగా, ఆవిరా అన్న ఈ సందేహాన్నే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి కూడా ఎత్తుకున్నాడు. న్యాయశాస్త్ర పండితులైన నైయాయికులూ, బౌద్ధులూ శతాబ్దాలపాటు వాదించుకున్నారు గానీ, పొగ విషయంలో ఇద్దరిదీ ఒకే జాగ్రత్త.

ఇప్పుడు వాదాన్ని తిరగేసి చూడండి. నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. పచ్చికట్టె తోడైతేనే పొగ వస్తుందంటుంది శాస్త్రం. తిరగేస్తే వాదం నిలవదన్న ఈ ఒక్క సంగతి తెలిసిన పిల్లవాడు, ఫోన్లో తిరిగే "వేదకాలపు విమానాలు" చూసి మోసపోడు. వాటికి సాక్ష్యంగా చూపే వైమానిక శాస్త్రాన్ని 1974లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పరీక్షించి, అది 20వ శతాబ్దపు రచనేననీ, అందులోని యంత్రాలు ఎగరలేవనీ తేల్చారు. వేదకాలపు గ్రంథాలు సంస్కృతంలో ఉంటాయి. సంస్కృతంలో ఉన్నదల్లా వేదకాలపుది కాదు.

హిందూ తత్త్వంలో ప్రధాన శాఖలైన దర్శనాలు ఆరు. అన్నీ సృష్టికర్తను ఒప్పుకోవు. సాంఖ్యకారికకు ఆ అవసరమే లేదు. వేదమే ప్రమాణమన్న మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్త వాదాన్ని ఖండించాడు. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో సాంఖ్యుల్నీ బౌద్ధుల్నీ జైనుల్నీ ఎదుర్కొంటాడు. ముందు ఎదుటివాడి మాటను పూర్వపక్షంగా నిలబెట్టి, ఆ తరవాతే జవాబు చెబుతాడు.

ఇక సంస్కృతి పాఠానికి మన నేలకన్నా మంచి తరగతి గది లేదు. ఏలూరు పక్కనున్న పెదవేగి ఒకప్పటి వేంగి. అక్కడ ఏలిన శాలంకాయనులు తమ రాగిశాసనాల్లో చిత్రరథస్వామి భక్తులమని చెప్పుకున్నారు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లిలో బౌద్ధుల గుహలున్నాయి. ద్వారకా తిరుమలలో వైఖానస ఆగమం అనే పూజాశాస్త్రం ప్రకారం పూజ. ఒకే విమాన శిఖరం కింద రెండు ధ్రువమూర్తులు, అందులో ఒకదాన్ని రామానుజులు ప్రతిష్ఠించారని స్థలపురాణం. కొల్లేటికోటలో ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర. శాసనం, శిల్పం, ఆగమం, జాతర: నాలుగూ నాలుగు రకాల ఆధారాలు. స్థలపురాణాన్ని శాసనంలా చదివినా, జాతరను ఆగమంతో కొలిచినా విద్యార్థి దారి తప్పుతాడు.

ప్రశ్న ఎదురైతేనే చదువు లోతుకు వెళ్తుంది. తత్త్వవేత్త రాధాకృష్ణన్‌ను వేదాంతం వైపు నెట్టింది మద్రాసు క్రైస్తవ కళాశాలలో హిందూమతం మీద ఆయన విన్న విమర్శలే. ఆ విమర్శలకు జవాబు వెతుక్కుంటూ ఎం.ఎ.లో వేదాంత నీతి మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. తరవాత 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి.

చదవాలంటే తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో బి.ఎ.తో సమానమైన శాస్త్రి కోర్సు ఉంది. పైచదువుకు కాశీ హిందూ విశ్వవిద్యాలయం 2022లో హిందూ అధ్యయనాల ఎం.ఎ. మొదలుపెట్టింది, యూజీసీ నెట్‌లోనూ ఈ సబ్జెక్టు ఉంది. బోధన, పురావస్తు శాఖ, మ్యూజియాలు, పత్రికలు ఈ చదువుకు దగ్గరి ఉద్యోగ మార్గాలు.

కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో ఈ చదువు కావాలంటే అడ్డుపడకండి. సంస్కృతం రాదన్న భయం ఉంటే, ఈ వేసవిలో తెలుగు తాత్పర్యంతో ఉన్న తర్కసంగ్రహం ఒకటి కొనిపెట్టండి. వీలైతే మీరూ పక్కన కూర్చుని చదవండి.