మొదటిసారి సైకిల్ టూరుకి పంపుతున్నారా?



పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య మార్కుల తర్వాత ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇది: "మేడమ్, సెలవుల్లో మావాడిని మూడు రోజుల సైకిల్ టూరుకి పంపుదామనుకుంటున్నాం. ఏ సైకిల్ కొనమంటారు?" నా జవాబు కొందరికి నిరాశగానే ఉంటుంది. సైకిల్ సంగతి తర్వాత, ముందు మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఎప్పుడైనా వరుసగా రెండు రోజులు సైకిల్ తొక్కారా అని అడుగుతాను.

ఒక్కరోజు 40 కిలోమీటర్లు తొక్కడం వేరు, మూడు రోజులపాటు రోజూ 40 తొక్కడం వేరు. మొదటిరోజు ఉత్సాహమే లాక్కుపోతుంది. రెండోరోజు పొద్దున్నే సీటు మీద కూర్చోగానే అసలు విషయం తెలుస్తుంది. హైస్కూల్ పిల్లలతో నేను వెళ్లిన టూర్లలో కాళ్ల నొప్పులతో ఆగిపోయినవాళ్లు తక్కువ. సీటు ఒరుసుకుని, అరచేతులు తిమ్మిరెక్కి, నీళ్లు తాగక తలనొప్పి వచ్చి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. వీటిని చాలావరకు ఇంటి దగ్గరే ముందుగా తప్పించుకోవచ్చు.

ముందు ఎక్కడికి వెళ్తున్నారో చూడండి. అరకు అనగానే అందరికీ ఆశే. కానీ ఎస్.కోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు మొదటి టూరుకి తగినది కాదు. ఎక్కేటప్పుడు పిల్లలు అలిసిపోతారు, దిగేటప్పుడు మనకి భయం. నన్నడిగితే మొదటిసారికి కోనసీమే మేలు. రాజమండ్రిలో బయలుదేరి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, కాలువగట్ల రోడ్ల మీదుగా అమలాపురం, అక్కడి నుంచి గోదావరి పాయ సముద్రంలో కలిసే అంతర్వేది. నేలంతా చదును. కొబ్బరిచెట్ల నీడ ఉంటుంది, కాస్త దూరానికో ఊరు వస్తుంది, ఊరికో టిఫిన్ బండి కనిపిస్తుంది. ఎత్తు లేకపోయినా గాలి మాత్రం ఉంటుంది. ఎండెక్కేకొద్దీ సముద్రం వైపు నుంచి ఎదురుగాలి మొదలైతే చదును రోడ్డు కూడా ఎక్కుడులా అనిపిస్తుంది. అందుకే ఆ రోజు దూరంలో ఎక్కువ భాగం పదకొండు గంటల లోపే అయిపోవాలి. జనవరిలో గోదావరి పక్కన తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. పొగమంచు విడిచి రోడ్డు స్పష్టంగా కనిపించేదాకా పిల్లల్ని బయలుదేరనివ్వని నిర్వాహకులే మంచి నిర్వాహకులు. హైవేల మీద ఎంత దూరం వెళ్లాలో కూడా అడగండి. ఎంత తక్కువైతే అంత మంచిది.

ఇక ప్రాక్టీసు. ఎనిమిది వారాలు చాలు. వారం మధ్యలో రెండు రోజులు అరగంట చొప్పున, ఆదివారం ఒక పెద్ద రైడ్. మొదటి ఆదివారం 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి 5 పెంచుకుంటూ పోతే ఆరో వారానికి 35 వస్తుంది. ఏడో వారం అన్నిటికన్నా ముఖ్యం: శనివారం 30, ఆదివారం మళ్లీ 30. ఆ ఆదివారం మీ పిల్లలు ఏం చెప్తారో జాగ్రత్తగా వినండి. ఎక్కడ నొప్పి, ఏ బట్ట ఒరుసుకుంది, ఎప్పుడు ఆకలేసింది అన్నీ అప్పుడే బయటపడతాయి. ఎనిమిదో వారం తేలిగ్గా తిరిగితే చాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. చాలా దూరం మీద సోలార్ పలకల కప్పు ఉంటుంది కాబట్టి ఎండ బాధ కూడా తక్కువే. కానీ టూరు జరిగేది ట్రాక్ మీద కాదు. కనీసం రెండు మూడు రైడ్లు మామూలు రోడ్డు మీద, పెద్దవాళ్లు తోడుగా ఉండి చేయించాలి.

సైకిల్ విషయానికొస్తే, నలభై వేల సైకిల్ అవసరం లేదు. గేర్లున్న మామూలు సైకిల్ బాగా సర్వీసు చేయించి ఉంటే సరిపోతుంది. కొనేదైతే టూరుకి రెండు నెలల ముందే కొనండి. కొత్త సీటు, కొత్త హ్యాండిల్ ఒంటికి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. సీటు ఎత్తు సరిచూడటం చాలా తేలిక. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి అప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. మన పిల్లల్లో చాలామందికి సీటు మరీ కిందికి ఉంటుంది, ఆగితే రెండు పాదాలూ నేలకి ఆనాలని మనమే అలా పెట్టించాం. మోకాళ్ల నొప్పులకి అదొక ముఖ్య కారణం.

ట్యూబు వాల్వ్ ఏ రకమో కూడా చూసుకోండి. బైకులకి ఉండే లాంటి లావు వాల్వ్ అయితే పెట్రోల్ బంకులో అయినా గాలి పట్టవచ్చు. కొన్ని ఖరీదైన సైకిళ్లకి సన్నటి వాల్వ్ ఉంటుంది. దానికి చిన్న ఇత్తడి అడాప్టర్ వెంట లేకపోతే పల్లెటూరి పంక్చర్ షాపతను కూడా ఏమీ చేయలేడు. బంకులో గాలి ఒక్కసారిగా పట్టించకూడదు, కొద్దికొద్దిగా పడుతూ చూసుకోవాలి. ఎంత పట్టాలో టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది. ఒక స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే రెండు ప్లాస్టిక్ లివర్లు ప్రతి పిల్లవాడి దగ్గరా ఉండాలి.

బట్టల్లో డబ్బు పెట్టదగ్గది ఒక్కటే, మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్. రెండు జతలు కొనండి, ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకొకటి వేసుకోవచ్చు. వాటి లోపల మరే బట్టా వేసుకోకూడదు, లోపలి కుట్లే చర్మాన్ని కోసేస్తాయి. ఇది చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు, మీరే ముందు చెప్పండి. పైన కావాలంటే వదులు ప్యాంటు వేసుకోవచ్చు. పొద్దున్నే కాస్త వాజెలిన్ రాసుకుంటే ఒరుపు తగ్గుతుంది. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ల ఎత్తులో, నుదుటిని కప్పుతూ ఉండాలి. వెనక్కి జారితే దాని వల్ల ఉపయోగం లేదు. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ లగేజీ వ్యానులో కాదు, వాళ్ల జేబులోనే ఉండాలి.

గ్రూపులో తొక్కడం విడిగా నేర్చుకోవలసిన విద్య. రోడ్డుకి ఎడమవైపు, ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండు సైకిళ్ల పొడవు ఖాళీ. ముందువాళ్ల వెనక చక్రం పక్కకి మన ముందు చక్రం ఎప్పుడూ పోకూడదు. ముందున్నవాళ్లు కొంచెం పక్కకి జరిగినా చక్రాలు తగిలి వెనకవాళ్లే పడతారు. గుంత కనిపిస్తే "గుంత" అని, వెనక లారీ వస్తే "బండి" అని గట్టిగా అరవాలి. క్లాసులో అరవద్దని రోజూ చెప్పే నేను ఇక్కడ మాత్రం అరవమంటాను. రెండు బ్రేకులూ కలిపి నొక్కడం, ఆగే ముందు చెయ్యెత్తి చూపడం మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురు స్నేహితులతో సాధన చేయించండి.

తిండి మాములుగానే ఉండాలి. పొద్దున ఇడ్లీ, దారిలో అరటిపండు, పల్లీపట్టీ, మధ్యాహ్నం మజ్జిగ. పూరీలు తిని సైకిలెక్కితే అరగంటలో తెలుస్తుంది. నీళ్లు దాహం వేయకముందే, ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. ఓఆర్ఎస్ ఇచ్చి పంపాలనుకుంటే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ ఇవ్వండి, లీటరు నీళ్లలో కలిపేది. తియ్యటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ల పోరాటం ఉంది.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట విడిగా చెప్పాలి. దారిలో టాయిలెట్ ఉండదేమోనన్న భయంతో మన అమ్మాయిలు నీళ్లు తాగడమే మానేస్తారు. బాటిల్ నిండుగా ఉంటుంది, అడిగితే "తాగాను మేడమ్" అంటారు. మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతులు. ఇది అమ్మాయిల తప్పు కాదు, ఏర్పాటులో లోపం. డబ్బు కట్టే ముందే నిర్వాహకుల్ని అడగండి: గంటకోసారి ఎక్కడ ఆగుతారు, అక్కడ టాయిలెట్ ముందుగా చూసి వచ్చారా, వెంట మహిళా టీచర్ ఎవరు, నెలసరి వస్తే ప్యాడ్లు ఎవరి దగ్గర ఉంటాయి. సూటిగా జవాబు రాకపోతే ఆ టూరుకి పంపకండి.

అలాగే, గ్రూపు చివర ఒక వ్యాను వస్తుందా అని కూడా అడగండి. అలసిపోయిన పిల్లలు అందులో ఎక్కడానికే ఆ వ్యాను. కానీ ఎక్కితే ఇంట్లో ఏమంటారో అని చాలామంది ఎక్కరు. కిందటి టూరులో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు కళ్లు తిరుగుతున్నా పది కిలోమీటర్లు తొక్కాడు. ఎందుకురా అంటే "డాడీ వీడియో పెట్టమన్నారు మేడమ్, మొత్తం తొక్కానని" అన్నాడు. సమయానికి దింపి నీడలో పడుకోబెట్టాం కాబట్టి సరిపోయింది, ఆ సమయంలో వెనక లారీ వచ్చి ఉంటే సంగతి వేరు. బయలుదేరే ముందు రోజు రాత్రి మీ నోటితో మీరే చెప్పండి, "నీకు చేతకాకపోతే వ్యాను ఎక్కు, నేనేమీ అనను" అని. మేము చెప్తే నమ్మరు, మీరు చెప్తే నమ్ముతారు.

చివరిగా ఫోన్. తొక్కుతున్నప్పుడు జేబులో ఫోన్ మోగితే చెయ్యి హ్యాండిల్ వదిలేస్తుంది. పగలు ఫోన్ చేయకండి, రాత్రి ఏడింటికి మాట్లాడుకుందామని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ టైముకి ఎత్తకపోయినా కంగారు పడొద్దు, అన్నం తిని అప్పటికే నిద్రపోయి ఉంటారు. గ్రూప్ లీడర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, చూసి చెప్తారు.